సోనాపూర్ దాకా గ్రీన్ లైన్

దుబాయిలో ముందు కొనాల్సింది మెట్రోకూ బస్సుకూ టికెట్టులా పనికొచ్చే నోల్ కార్డు. సిల్వర్ కార్డు 25 దిర్హాలు, అందులో వాడుకోవడానికి మిగిలేది 19. కార్డులో కనీసం ఏడున్నర నిల్వ లేకపోతే మెట్రో గేటు తెరుచుకోదు. దిర్హం మన 23 రూపాయల పైనే, ఎక్కకముందే చేయి కాలుతుంది. రైల్లో మేనల్లుడు అక్క కట్టిచ్చిన సకినాల మూట విప్పబోతే ఆపాను. లోపల తింటే 100 దిర్హాల జరిమానా.

గ్రీన్ లైన్ చివర దిగాలి. స్టేషన్ పేరు మారినా అందరి నోటా ఎతిసలాతే. అక్కడి నుంచి బస్సులో ముహైస్నా 2. హిందీవాళ్లు పెట్టుకున్న పేరు సోనాపూర్, అంటే బంగారపు ఊరు. జగిత్యాల బస్టాండులో అడిగినా దారి చెప్తారు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే బావ అక్కడ ఒక క్యాంపులో ఉంటాడు. గదిలో పైనొకటి కిందొకటిగా ఎనిమిది మంచాలు, మంచానికో దుప్పటి తెర.

మేనల్లుడికి పద్నాలుగేళ్లు. బాపు తెల్లటి ల్యాండ్ క్రూజర్‌కు ఆనుకొని దిగిన ఫోటో వాడి ఫోన్లో ఎప్పటినుంచో ఉంది. బళ్లో అందరికీ చూపించాడు.

మర్నాడు తెల్లారగట్ల మూడింటికి బావకు పని, మేమూ వెంట వెళ్లాం. ఆ వేళకు మెట్రో ఉండదు, టాక్సీకి 31 దిర్హాలు వదిలాయి. అల్ నహ్దాలో ఒక అపార్టుమెంటు సెల్లారు. యజమానులు ఆఫీసులకు కదిలేలోపు అన్ని కార్లూ తుడవాలి.

పనిలో ఒడుపుంది. దుబాయి దుమ్మంటే సన్నటి ఇసుక. పొడిగుడ్డ వేస్తే రంగు మీద గీతలు పడతాయి, కోత జీతంలో పడుతుంది. అందుకని గుడ్డ బాగా తడిపి పైకప్పు నుంచి మొదలు, తర్వాత బానెట్టు, తలుపులు, ఆఖరికి టైర్లు. టైర్ల గుడ్డ వేరు. అది మళ్లీ బాడీకి తగిలితే అందులో ఇరుక్కున్న ఇసుక గీకుతుంది. అద్దాలకు మూడో గుడ్డ, పొడిది. తడి ఆరేలోపే తుడవాలి. ఎండాకాలం సెల్లార్లో కూడా నీళ్లు నిమిషంలో ఆవిరై తెల్ల మచ్చలు మిగులుతాయి. బకెట్టు నీళ్లు రెండు మూడు కార్లకు మించి వాడితే బురదే.

నాలుగో వరుసలో వాడు ఆగిపోయాడు. నంబరు ప్లేటు చూసి ఫోన్ తీశాడు.

“బాపూ, ఇది మనదే గద?”

“సేటుది బిడ్డా. డోర్ ముట్టుకోకు, అలారం మోగుతది.”

బావ మెట్ల స్టూలెక్కి పైకప్పు తుడవడం మొదలుపెట్టాడు. వాడు ర్యాంపు దగ్గరికి పోయి కూర్చున్నాడు. పని అయ్యాక బావే పిలిచాడు.

“రారా, ఇద్దరం దిగుదాం. బామ్మర్దీ, ఒక ఫోటో తియ్యి.”

వాడు లేచి వచ్చాడు కానీ బండి పక్కన నిలబడలేదు.

“ఇక్కడొద్దు బాపూ, నంబరు పడ్తది.”