మేకప్ ఆయన ఆటో చార్జీ

పొద్దున టీ తాగుతుండగానే స్నేహితురాలు ఒక యూనివర్సిటీ నోటిఫికేషన్ పంపింది, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు పడ్డాయి చూడవే అని. మొత్తం కిందిదాకా చూశాను. థియేటర్ ఉంది, మేనేజ్‌మెంట్ ఉంది, టూరిజం ఉంది, నేను ఆరేళ్ళుగా చెబుతున్న పాఠం మాత్రం లేదు. కళా నిర్వహణ అంటే ఏ డిపార్ట్‌మెంటే అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. నాటకం ఆడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ మధ్య జరగాల్సిన పనంతా నేర్పుతానమ్మా అని చెబుతాను. అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో ఈ చదువు 1969లోనే మొదలైంది.

కాలేజీల్లో పాఠం చెప్పడానికి అర్హత కోసం రాసే నెట్ పరీక్షలోనూ ఇంతే. ఎనభై పైచిలుకు సబ్జెక్టులున్నాయి. నృత్యం, నాటకం కోడ్ 65, మేనేజ్‌మెంట్ 17, టూరిజం 93. నా పని ఈ మూడింటిలోనూ కొంచెం కొంచెం ఉంది, దేనిలోనూ పూర్తిగా లేదు. నేను 65లో రాసి పాసయ్యాను, హాలు బుక్ చేయడం, కళాకారుల డబ్బు లెక్కలు మాత్రం నాటక సమాజాలతో తిరిగి నేర్చుకున్నాను. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో సంగీతం, నృత్యం, నాటకం చెప్పడానికి అనుభవమున్న కళాకారులకు విడిగా ఒక దారి పెట్టారు, చాలా మంచి పని. 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని, పనిలో ఆరితేరినవాళ్ళకిచ్చే పోస్టు వచ్చింది, 15 ఏళ్ళ అనుభవం ఉంటే పీహెచ్‌డీ అక్కర్లేదు, కానీ అది మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు. పిల్లల స్కూలు ఫీజులు కట్టుకోవాల్సిన మనిషికి నాలుగేళ్ళు ఏం సరిపోతాయి? నాలా పీరియడ్ లెక్కన చెప్పే గెస్టు ఫ్యాకల్టీకి పీరియడ్‌కి 1,500, నెలకు 50,000 మించకుండా అని 2019లో యూజీసీ చెప్పింది, నా చేతికి అంత ఎప్పుడూ రాలేదు. సెలవుల్లో అసలేమీ రాదు.

సరే, మధ్యాహ్నం క్లాసు. పద్యనాటకానికి బడ్జెట్ వేసుకు రమ్మన్నాను. పోయిన వారం సురభి నాటక సమాజం వాళ్ళ గురించి చెప్పాను, 1885లో కడప జిల్లాలో మొదలై, తెర గీయడం దగ్గర్నుంచి టికెట్లు అమ్మడం దాకా ఇంట్లోవాళ్ళే చేసుకుంటూ తరాలు నడిపిన సంగతి, అది బాగా పట్టుకున్నారు. ఒక అబ్బాయి షీటు ముచ్చటగా ఉంది, హాలు, మైకు, లైట్లు, హార్మోనియం, తబలా, చివర్న మేకప్ 3,000. మేకప్ ఆయన ఎన్నింటికి వస్తాడు అని అడిగాను. ఆరింటికి మేడమ్, నాటకం ఏడింటికి కదా అన్నాడు. ఆరింటికొస్తే కృష్ణుడికి కిరీటం కట్టేసరికి ఎనిమిదవుతుంది నాయనా. ఆయన మూడింటికే ట్రంకు పెట్టెతో దిగాలి, నాటకం అయ్యాక అందరి రంగులూ తుడిపించి, భుజకీర్తులు, హారాలు లెక్క చూసుకుని పెట్టె మూసేసరికి పదకొండున్నర, ఆ పెట్టెతో ఏ బస్సెక్కుతాడు? అది ఆయన చూసుకుంటాడు కదా మేడమ్ అన్నాడు. అమాయకంగానే అన్నాడు, కానీ నాకు చాలా బాధేసింది, ఎందుకంటే మన సభలన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. మా తాతయ్య హార్మోనియం వాయించేవారు మేడమ్, జనం వన్స్ మోర్ అంటే పద్యం మళ్ళీ ఎత్తుకునేవారు, నాటకం ఇంకో గంట సాగేది, హాలు వాళ్ళు టైమైందని లైట్లు తీసేస్తుంటే తాతయ్య చీకట్లోనే వాయించేవారట అంది. క్లాసంతా నిశ్శబ్దం. తర్వాత గంటసేపు ఆ వన్స్ మోర్‌కి ఎంత టైమ్ వదలాలి, హాలు అద్దె అదనపు గంటకు ఎంత అడుగుతారు, అది ఎవరు కట్టాలి అని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. బెల్లు కొట్టినా లేవలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఆ అబ్బాయి షీటు మళ్ళీ పంపాడు. మేకప్ ఆయన రాక మధ్యాహ్నం 3, భోజనం, ఆటో రానూపోనూ. దాని కింద నేను చెప్పని ఇంకో వరుస, హార్మోనియం మాస్టారికి కూడా ఆటో.

దరఖాస్తుకి ఇంకా పది రోజులుంది. థియేటర్ కిందే పెడతాను, స్పెషలైజేషన్ దగ్గర మాత్రం కళా నిర్వహణ అనే రాస్తాను.