పద్నాలుగు టన్నుల పడవ

నిన్న సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే మనవడు పల్లీలు నములుతూ "తాతా, బండి నీళ్లలో తేలుతుందా?" అన్నాడు. నవ్వొచ్చింది. సైన్యంలో నేను నేర్చుకున్న మొదటి పనే అది!

జవాన్లను మోసుకెళ్లే మా కవచ వాహనం బీఎంపీ-2 బరువు సుమారు 14 టన్నులు. నీళ్లలో నడవడానికి దానికి వేరే ఏర్పాటేమీ లేదు, గొలుసు చక్రాలే తెడ్లు. మహా అయితే గంటకు 7 కిలోమీటర్లు. దిగేముందు ముందువైపు రేకు ఎత్తాలి, లేదంటే అల నేరుగా డ్రైవరు మొహానికే.

మొదటిసారి చెరువులోకి దిగిన కాసేపటికి నా బూట్లలో చల్లగా తగిలింది. అడుగున బిరడా సరిగా బిగియలేదు. బిగించాల్సింది నేనే. పంపు నీళ్లు తోడుతూనే ఉంది, నేను దేవుళ్లందరినీ తలుచుకుంటూనే ఉన్నాను. ఒడ్డెక్కాక హవల్దారుగారు పల్లెత్తు మాట అనలేదు. పానా తెచ్చి నా చేతిలో పెట్టారు, అంతే. తిట్టినా బాగుండేది.

మనవడికి ఇంకో తేలే బండి కథా చెప్పాను. ఓడల నుంచి తీరానికి సరుకు చేర్చాలని 1942లో అమెరికావాళ్లు ఆరు చక్రాల లారీనే పడవగా మార్చారు. పేరు 'డక్'. సైన్యం మొదట పెదవి విరిచింది. కేప్ కాడ్ దగ్గర పరీక్షలు జరుగుతుండగా, తుపానులో ఇసుక మేటకు చిక్కిన తీర రక్షక నౌక సిబ్బందిని ఆ లారీయే ఒడ్డుకు తెచ్చింది. తర్వాత 20 వేలకు పైగా తయారయ్యాయి.

ఇదంతా విని మనవడు కట్ట కింద నిలిపిన నా స్కూటరు వైపు చూశాడు. తాళం చెవి జేబులో వేసుకున్నాను.