టేలర్ ఫోర్‌మన్లు ఒక్క యాప్‌లో దొరికాక...

రిజల్ట్ వచ్చింది, మేనేజ్‌మెంట్ పేపర్ గట్టెక్కింది! క్లాసికల్ థియరీలు (మేనేజ్‌మెంట్‌లో తొలినాటి సిద్ధాంతాలు) ఎలా చదివావని అడుగుతున్నారు కాబట్టి ఆ ఒక్క యూనిట్ గురించే రాస్తున్నాను. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే.

సైంటిఫిక్ మేనేజ్‌మెంట్ టేలర్ పుస్తకం 1911, ఫేయోల్ పుస్తకం 1916, ఆయన 14 మేనేజ్‌మెంట్ సూత్రాలు, నియమాలు, హోదాల మీద సంస్థ నడవాలన్న వెబర్ బ్యూరోక్రసీ... ఇవన్నీ కిందటి అటెంప్ట్ నాటికే కంఠతా వచ్చు. కానీ కంపెనీ ఉదాహరణ ఇచ్చి ఇందులో ఏ సూత్రం ఉందని అడిగితే నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపించేవి.

దారి దొరికింది ఫంక్షనల్ ఫోర్‌మన్‌షిప్ దగ్గర. టేలర్ ఒక కార్మికుడి మీద ఎనిమిది మందిని పెట్టాడు, ప్లానింగ్‌లో నలుగురు, షాప్ ఫ్లోర్‌లో నలుగురు. ఆ పేర్లకు షార్ట్‌కట్ కట్టడం మానేసి, డెలివరీ చేసేవాళ్ల యాప్‌ని ఎదురుగా పెట్టుకున్నాను. ఏ దారిన వెళ్లాలో చెప్పేది రూట్ క్లర్క్. ఏ స్టెప్ తర్వాత ఏదో చూపించేది ఇన్‌స్ట్రక్షన్ కార్డ్ క్లర్క్. నిమిషాలు, డబ్బులు లెక్కేసేది టైమ్ అండ్ కాస్ట్ క్లర్క్. రేటింగ్ పడిపోతే ఐడీ ఆపేసేది డిసిప్లినేరియన్. టేలర్ ప్లానింగ్ రూమ్ మొత్తం ఫోన్‌లోకి దూరిపోయింది! మిగతా నలుగురినీ మీరే వెతకండి, వాళ్లలో యంత్రాల సంగతి చూసే రిపేర్ బాస్ మాత్రం ఈ యాప్‌లో దొరకడం కష్టం.

మరి ఎనిమిది మంది బాసులైతే, ఒక ఉద్యోగికి ఒకే బాస్ ఉండాలన్న ఫేయోల్ సూత్రం, అదే యూనిటీ ఆఫ్ కమాండ్, ఏమైనట్టు? ఫేయోల్ టేలర్‌ని తప్పుపట్టింది సరిగ్గా ఇక్కడే. మ్యాట్రిక్స్ సంస్థల్లో ఆ పేచీ ఇంకా తెగలేదు. ప్రాజెక్ట్ మేనేజర్ ఒకటి చెబుతాడు, డిపార్ట్‌మెంట్ హెడ్ ఇంకొకటి చెబుతాడు, మధ్యలో ఉద్యోగికి టెన్షన్. ఒకే లక్ష్యమున్న పనులకు ఒకే హెడ్, ఒకే ప్లాన్ అంటే అది యూనిటీ ఆఫ్ డైరెక్షన్. ఈ రెండింటినీ కలిపేస్తే మార్కు పోయినట్టే.

గ్యాంగ్ ప్లాంక్ కూడా అంతే, పై అధికారుల మెట్లన్నీ ఎక్కకుండా ఒకే స్థాయి ఉద్యోగులు నేరుగా మాట్లాడుకునే ఫేయోల్ అడ్డదారి అది. రెండు డిపార్ట్‌మెంట్ల ఉద్యోగులు చాట్‌లో నేరుగా మాట్లాడుకుంటే అది గ్యాంగ్ ప్లాంకే అంటాం. పై అధికారుల అనుమతి ఉండాలి, వాళ్లకు సమాచారం అందాలి అన్న షరతు మర్చిపోతాం. ప్రశ్న తయారుచేసేవాళ్లు మర్చిపోరు.

కోచింగ్‌లో చేరి ఉంటే ఇదంతా ముందే వచ్చేదిగా అన్నవాళ్లున్నారు. రావచ్చు. కానీ నోట్సు ఎవరిచ్చినా, రోజూ కూర్చుని ఒక్కో సూత్రానికి ఒక్కో కంపెనీ పనిని జత చేసుకోవాల్సింది మనమే. ఫోన్ పక్కన పడేసి గంట కూర్చోలేనివాళ్లు సిలబస్ పెద్దదని ఏడవడం నాకు నచ్చదు.

టయోటా స్టాండర్డ్ వర్క్‌ని మాత్రం కళ్లు మూసుకుని టేలర్ ఖాతాలో వేయకండి. పనికి ప్రామాణిక పద్ధతి ఉండటం వరకు టేలరే. టయోటాలో ఆ పద్ధతిని మెరుగుపరచడంలో పని చేసేవాళ్లకూ చోటుంటుంది. టేలర్ కార్మికుల సలహాలు తీసుకోమన్నా, పద్ధతిని నిర్ణయించే పని మాత్రం వాళ్లకివ్వలేదు, ఆయన ఆలోచించేవాళ్లని, పని చేసేవాళ్లని విడదీశాడు.

వెబర్‌కి ఒక్క పూట చాలు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గీతల్లో చూపే గాంట్ చార్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లలో రోజూ కనిపించేదే. ఫ్యాక్టరీ కార్మికుల మీద జరిగిన హాథార్న్ ప్రయోగాలు 1924లోనే మొదలైనా వాటిని నియో క్లాసికల్ (క్లాసికల్ తర్వాత వచ్చిన, మనుషుల సంబంధాలకు ప్రాధాన్యమిచ్చే థియరీలు) కిందే పెట్టుకోండి, మ్యాచింగ్ ప్రశ్నల్లో ఇరికించేది అక్కడే.