అరిసెల పాకం కాదన్నారు: గమ్ పౌడర్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక అట్టపెట్టెల ప్లాంటు నుంచి ఫోన్. "మేడం, నలభై బస్తాలు పంపుండ్రి" అన్నారు. అదే ప్లాంటు. ఆషాఢంలో నన్ను మిషన్ పక్కన నిలబెట్టి, ఊడిపోయిన అట్టలు ఒక్కొక్కటీ లెక్కపెట్టించిన ప్లాంటు. ఫోన్ పెట్టేశాక పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. కోపమో సంతోషమో తేలలేదు. తేలేలోపే రాసేద్దామని మొదలుపెట్టాను.

నేను చేసేది అట్టపెట్టెల గమ్ పౌడర్. కొరియర్‌లో వచ్చే పెట్టె అంచు చింపి చూడండి, రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం ఉంటుంది. ఆ అలల అంచుల్ని పై కాగితానికి పట్టి ఉంచేది మొక్కజొన్న స్టార్చి. స్టార్చి అంటే మంచూరియాలో వేసే కార్న్‌ఫ్లోరే. మొక్కజొన్న పిండి వేరు, ఇది వేరు అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఫ్యాక్టరీలో గింజల్ని సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన నీళ్లలో, 50 డిగ్రీల వేడిలో, ఒకటిన్నర రోజు పైనే నానబెడతారు. మొలక నూనెకి పోతుంది, పొట్టు పశువుల దాణాకి, గ్లూటెన్ కోళ్ల మేతకి. చివరికి మిగిలిన తెల్లటి పాలని కడిగి ఆరబెడితే స్టార్చి. నానబెట్టిన నీళ్లు కూడా వదలరు. 1940లలో అమెరికాలో ఆ నీళ్లు కలిపాకే పెన్సిలిన్ దిగుబడి పెరిగింది. ఇదంతా మా ఆయనకి ఉత్సాహంగా చెప్తే "నువ్వు చేసేది పెన్సిలిన్ కాదు కదా" అన్నారు. సరే.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఆధార్‌తో పావుగంటలో అయిపోయింది, పైసా ఖర్చు లేదు. దానికి మూడు వేలు అడిగినవాడు మా వీధిలోనే బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు, అలాంటివాళ్లకి ఇవ్వకండి. జీఎస్టీ వారంలో వచ్చింది. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోన్ పథకం కింద అప్పుడు తయారీ యూనిట్లకి 50 లక్షల ప్రాజెక్టు దాకా చూసేవారు, నాది అందులో పావు వంతు కూడా కాదు. అయినా బ్యాంకాయన "మీ వారు రాలేదా?" అని మూడు సార్లు అడిగాడు. మూడోసారి "వంట చేస్తున్నారు" అన్నాను. లోన్ వచ్చింది. సూరారంలో షెడ్డు, త్రీ ఫేజ్ కరెంటు, పొడులు కలిపే ఒక రిబ్బన్ బ్లెండర్. ఇక్కడిదాకా ఏడవాల్సింది ఏమీ లేదు.

ఫార్ములా కోసం ఒక కన్సల్టెంటుని పట్టుకున్నాను. అరవై వేలు తీసుకుని ఒక ఏ4 కాగితం ఇచ్చాడు. 25 కిలోల బస్తా. అందులో ఎక్కువ భాగం పచ్చి స్టార్చి, కొంత ముందే ఉడికించి ఆరబెట్టిన స్టార్చి, కొంచెం బోరాక్స్. కాస్టిక్ సోడా మాత్రం 700 గ్రాముల ప్యాకెట్ విడిగా. ప్లాంటువాళ్లు వంద లీటర్ల నీళ్లలో అన్నీ కలుపుకుని మిషన్ ట్రేలో పోసుకుంటారు.

ఇందులో కిటుకు ఏమిటంటే, పచ్చి స్టార్చి దేనికీ అంటుకోదు. వేడి తగిలి ఆ రేణువులు ఉబ్బి పగలాలి, అప్పుడే జిగురు. మామూలు నీళ్లలో దానికి డెబ్బై డిగ్రీల దగ్గర దాకా కావాలి. మిషన్ మీద కాగితం వేడి రోలర్‌ని తాకేది కన్ను మూసి తెరిచేంతసేపు. అంత వేడి ఎక్కే టైము ఉండదు. అందుకే కాస్టిక్. అది పడితే 62 దగ్గరే రేణువు పగిలిపోతుంది. ఎక్కువైతే ట్యాంకులోనే గడ్డకట్టి కూర్చుంటుంది, తక్కువైతే అట్ట మీద పచ్చిగా మిగిలిపోతుంది. ఉడికించిన స్టార్చి పచ్చిదాన్ని అడుక్కి దిగకుండా మోస్తుంది, బోరాక్స్ జిగురుకి సాగుడు ఇస్తుంది.

ఎండాకాలంలో పంపిన మొదటి లాటు బ్రహ్మాండంగా నడిచింది. నేను అందరికీ స్వీట్లు పంచాను. అదే నేను చేసిన తప్పేమో.

ఆషాఢంలో రెండో లాటు పది బస్తాలు పంపాను. వాన పడుతోంది. పొద్దున పదింటికి ఫోన్: "మేడం, ఒక్కసారి రావాలె." మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లాను. వాడే మాకు ప్యాకింగ్ చేసేది.

అట్టలు మిషన్ లోంచి వచ్చేటప్పుడు చక్కగానే ఉన్నాయి. గంట ఆగి, దొంతర్లోంచి ఒకదాన్ని మూల పట్టుకుని లేపితే పై కాగితం అప్పడంలా లేచి వచ్చేసింది. చిరగలేదు, చప్పుడు కూడా లేదు. లోపల అలల మీద వరసగా తెల్లటి గీతలు. మిషన్ మీద ఉండే పెద్దాయన వేలితో ఆ గీతని రాసి, వేలు నా మొహం ముందు పెట్టి ఊదాడు. పొడి లేచింది. "గమ్ము గాదు మేడం, ముగ్గు" అన్నాడు. పక్కన లోడింగ్ కుర్రాళ్లు నవ్వారు.

ఓనరు వచ్చాడు. కేకలు వేసి ఉంటే బాగుండేది. మెల్లగా, అందరికీ వినపడేలా అన్నాడు: "ఇంట్ల అరిసెలకు పాకం పట్టినట్టు గాదు మేడం ఇది. కెమికల్." బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత పాడైన షీట్లు నన్నే లెక్కపెట్టమన్నాడు, మళ్లీ గొడవ రాకుండా అట. నేనూ మా వాడూ తడి నేల మీద కూర్చుని లెక్కపెట్టాం. 412. షీటుకి 22.50 చొప్పున 9,270 రూపాయలు మా బిల్లులోంచి కోసుకుంటామని డెబిట్ నోట్ చేతిలో పెట్టారు. మా వాడు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

అన్నట్టు, అరిసెల పాకం గురించి ఒక మాట. నీళ్లలో చుక్క వేసి, వేలితో ఉండ చేసి, అది గట్టిపడే తీరుని బట్టి పొయ్యి కట్టేసే మా అమ్మ లెక్క ఆ ప్లాంటులో గమ్ము చిక్కదనం చూడటానికి, అది చిల్లులోంచి కారే సెకన్లు లెక్కపెట్టే ఫోర్డ్ కప్పు కంటే ఖచ్చితం. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే అరిసె రాయవుతుంది. అది కెమికల్ కాకపోతే ఇంకేంటి?

కన్సల్టెంటుకి ఫోన్ చేశాను. "నీళ్లు మేడం. మీ హైదరాబాద్ బోరు నీళ్లతో ఇదే ప్రాబ్లం" అన్నాడు. నమ్మాను. మర్నాడు ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు పది ఆటోలో వేసుకుని ట్రయల్‌కి వెళ్లాను. నవ్వకండి. ప్లాంటు మొత్తం నవ్వేసింది. "మిషన్‌కు మినరల్ వాటరా మేడం? జ్యూస్ గిట్ల ఏమన్న తాపుదమా?" అని ఒక కుర్రాడు. ఆ నీళ్లతో కూడా అట్టలు అప్పడాలే. మళ్లీ ఫోన్ చేస్తే బోరాక్స్ గ్రేడు తేడా అన్నాడు. మూడోసారి స్టార్చిలో తేమ అన్నాడు. నాలుగోసారి ఎత్తలేదు.

ఖాళీ క్యాన్లు ఆటోలో ఎక్కిస్తుంటే ఆ పెద్దాయన బీడీ కోసం బయటికి వచ్చాడు. ట్రేలోంచి కొంచెం గమ్ము చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య పెట్టుకుని రాస్తున్నాడు. మీరెవరూ ఆ పని చేయకండి, కాస్టిక్ చర్మాన్ని తినేస్తుంది. ఆయన చేతులు ఎప్పుడో మొద్దుబారాయి. "జారుతలేదు మేడం" అన్నాడు. "కాస్టిక్ ఉన్న గమ్ము సబ్బు లెక్క జారాలె. మొదటిసారి పంపినప్పుడు జారింది."

షెడ్డుకి వెళ్లి చూశాను. 50 కిలోల కాస్టిక్ ఫ్లేక్స్ బస్తా మూతి తెరిచి నెల రోజులైంది. పైన ఒక తాడు చుట్టి పెట్టాడు మా వాడు. అందులోంచి కావాల్సినప్పుడల్లా 700 గ్రాములు తూచి, పల్చటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. చెయ్యకూడదని వాడికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఫ్లేకులు వానాకాలం బెల్లంలా చెమ్మగిల్లి ముద్దకట్టాయి, అంచుల్లో తెల్లగా పొక్కు కట్టింది.

యాసిడ్‌ని చుక్క చుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టం, బ్యూరెట్, కోఠీలో కొన్నాను. కాస్టిక్ కరిగించిన నీళ్లలో రంగు చూపించే ఫినాఫ్తలీన్ వేసి యాసిడ్ వదిలితే గులాబీ రంగు పోతుంది. అక్కడ రీడింగ్ రాసుకుని, మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో రంగు వేసి మళ్లీ వదలాలి. ఈ రెండోసారి పట్టే యాసిడ్ అంతా కార్బొనేట్ లెక్క. తాజా ఫ్లేకులకి గులాబీ పోయాక నాలుగు చుక్కలకే పసుపు కాస్తా ఎర్రబడింది. మా ప్యాకెట్లోదానికి యాసిడ్ పోతూనే ఉంది, పోతూనే ఉంది, పసుపు పసుపుగానే ఉంది. అంటే అందులో కాస్టిక్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కార్బొనేట్ అయిపోయింది. పైగా తూకంలో కొంత ఉత్త నీళ్లు. నేను కాస్టిక్ అని పంపినదాంట్లో చాలా భాగం బట్టల సోడా.

ఈ టైట్రేషన్ డిగ్రీ రెండో ఏడు ప్రాక్టికల్. నాకు ఫుల్ మార్కులు వచ్చాయి. రికార్డు ఇంకా అటక మీద ఉంది, రంగు స్కెచ్ పెన్నులతో బ్యూరెట్ బొమ్మ వేసి మరీ. అరవై వేలు పోసి కొనుక్కున్న ఏ4 కాగితంలో లేనిది నా అటక మీద ఉంది. అవమానం ప్లాంటులో కాదు, ఆ రాత్రి అసలు జరిగింది.

వంటింట్లోనే ఇంకో పరీక్ష చేశాను. స్టీలు గ్లాసులో గమ్ము, అది వేడి నీళ్ల గిన్నెలో, థర్మామీటరుతో కలుపుతూ. పల్చగా తిరుగుతున్నది ఒక్కసారిగా బరువెక్కి థర్మామీటరుని పట్టేసుకుంటుంది. చెడిపోయిన కాస్టిక్‌తో 69 దగ్గర పట్టుకుంది. తాజాదానితో 62. పాకం చూడటమే.

మర్నాడు వెళ్లి ఓనరుకి చెప్పాను, తప్పు మాదేనని. రోలర్ వేడి తక్కువుందని అనేస్తే సరిపోయేదని తర్వాత ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అలా అనలేదు, అందుకు నాకు కొంచెం గర్వంగానే ఉంది. తాజా కాస్టిక్‌తో అక్కడే రెండు బస్తాలు కలిపించాను. గంట ఆగాం. పెద్దాయన ఒక అట్ట తీసి బలంగా చీల్చాడు. ఈసారి గమ్ము ఊడలేదు, కాగితమే పీచు పీచుగా చిరిగింది. చీలిన చోట నేను అయోడిన్ చుక్కలు వేశాను. తెంపు లేకుండా నీలి నల్లటి గీతలు, దువ్వెనతో గీసినట్టు. కుర్రాళ్లు చుట్టూ మూగారు. ఆయన మాత్రం వేలితో రాసి చూసుకుని "జారుతున్నది" అన్నాడు.

ఇప్పుడు కాస్టిక్ బిగువు మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంటుంది. ప్యాకెట్‌కి మందపాటి కవరు, హీట్ సీల్, మీద తేదీ. మీరూ ఈ పనిలోకి దిగితే గ్లౌజులు, కళ్లద్దాలు మర్చిపోకండి. ఎప్పుడూ నీళ్లలోకే కాస్టిక్ వెయ్యండి, కాస్టిక్ మీద నీళ్లు పోయకండి, ఎగజిమ్ముతుంది. ఎవరైనా చూడకుండానే ఫోన్లో "నీళ్లు మేడం" అంటే ఆ నంబరు తీసేయండి.

నలభై బస్తాలు సోమవారం వెళ్తాయి. బిల్లులో ఆ 9,270 కోసుకునే ఇస్తారట. తప్పు ఒప్పుకున్నాను కదా, అందులో సగమైనా వదిలేయమని అడిగాను. "అది వేరే, ఇది వేరే మేడం" అన్నాడు ఓనరు.