ఓక్ కింద లారీ ఆగకూడదు

ఇక్కడ టెక్సస్‌లో పెద్ద ఓక్ ఉన్న స్థలంలో ఇల్లు కట్టిస్తుంటే, "ఆ చెట్టు జోలికి మేం వెళ్లం" అని ప్రతి బిల్డరూ చెప్తాడు. నిజమే, వెళ్లడు. కాండం మీద గీత కూడా పడదు. ఇల్లు పూర్తవుతుంది, తాళాలు చేతికొస్తాయి, ఏడాది వారంటీ అయిపోతుంది. మూడో ఏడో నాలుగో ఏడో చిటారుకొమ్మల్లో ఆకు పలచబడుతుంది. ఆ తర్వాత కొట్టించడానికి మనుషుల్ని మనమే వెతుక్కోవాలి. అప్పటికి బిల్డరు ఇంకెక్కడో ఇంకో కాలనీ వేస్తూ ఉంటాడు.

డాలస్ దగ్గర ఫ్లవర్ మౌండ్‌లో నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది. వాళ్లవి పోస్ట్ ఓక్‌లు. వేళ్ల దగ్గర మట్టి కదిపితే ఆ జాతి అస్సలు ఓర్చుకోదు. చెట్లున్నాయనే ఆ లాటుకి, అంటే ఇంటి స్థలానికి, ఎక్కువ పెట్టి కొన్నారు, ఆఖరికి లాటు మిగిలింది. అందుకే మేము ఆస్టిన్‌కి ఉత్తరాన, లియాండర్ దాటాక ఎకరం స్థలం కొన్నప్పుడు ఇంటి ప్లాను కన్నా ముందు చెట్టు సంగతి తేలాలని పట్టుబట్టాను. "ముందు బ్యాంకు సంగతి తేలనీ" అన్నారు మావారు.

మాది లైవ్ ఓక్. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో కొత్త చిగురు తోసుకొస్తుంటే పాత ఆకు రాలుస్తుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కాండం చుట్టూ కొలవాలి. నా జాకెట్ల కొలతల టేపు చుట్టూ రాలేదు, రెండు దఫాలుగా పెట్టి కొలిచాను. 94 అంగుళాలు. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డకొలత 30 అంగుళాలు. ఇక అంగుళానికి ఒక అడుగు చొప్పున, కాండం నుంచి అన్ని వైపులా 30 అడుగుల గుండ్రం గీయాలి. దాన్నే ఇక్కడ క్రిటికల్ రూట్ జోన్ అంటారు. అరవై అడుగుల వెడల్పు గుండ్రం! సర్వే కాగితం మీద ఆ గుండ్రం గీసి చూపిస్తే బిల్డరు మొహం వాడిపోయింది.

ఆస్టిన్ నగరం లోపలైతే ఇదంతా చట్టమే. అడ్డకొలత 19 అంగుళాలు దాటిన చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. 24 అంగుళాలు దాటిన ఓక్ అయితే 2010లో వచ్చిన నిబంధన ప్రకారం అది హెరిటేజ్ చెట్టు, కొట్టనివ్వడం అరుదు. ఇల్లు కట్టుకున్నా ఆ గుండ్రంలో కనీసం సగం నేలని ఉన్నదున్నట్టు వదలాలి. గుండ్రంలో లోపలి సగం దూరం వరకూ నాలుగు అంగుళాలకి మించి మట్టి తీయకూడదు, పోయకూడదు. కాండానికి మరీ దగ్గరగా, పావు దూరం లోపల, గడ్డపార కూడా దించకూడదు. మా స్థలం నగరం బయట ఉంది కాబట్టి మమ్మల్ని అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ నిబంధనలనే మా కాంట్రాక్టులో షరతులుగా రాయించాను. గుండ్రంలోకి యంత్రం వస్తే ఇంత జరిమానా అని అంకె వేసిన వాక్యం కూడా పెట్టించాను. మిగతా వాక్యాలన్నిటికన్నా అదొక్కటే బాగా పనిచేసింది.

ఇంత పట్టు ఎందుకంటే, ఓక్ వేళ్ల గురించి మనలో చాలామందికి ఉన్న ఊహ తప్పు. పైన ఎంత చెట్టో కింద అంత లోతు వేరు అనుకుంటాం. వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగున్నర, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మా వైపు ఆ కింద ఎలాగూ సున్నపురాయే. లోతుకి పోలేనిది పక్కలకి పోతుంది, కొమ్మల కొసలు దాటి రెండింతలు, మూడింతల దూరం. వేరుకి నీళ్లే కాదు, గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లోంచి ఆ గాలి అందుతుంది. తడి నేల మీద బరువు లారీ నడిస్తే ఆ సందులు మూసుకుపోతాయి. నష్టంలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు సార్లలోనే జరిగిపోతుంది. కాబట్టి "పని మొదలయ్యాక కంచె వేయిద్దాంలే" అనే మాటకి అర్థం లేదు. మొదటి బుల్‌డోజర్ ట్రైలర్ దిగకముందే కంచె నిలబడాలి.

ఇంతలో తెనాలి నుంచి మామయ్యగారు వీడియో కాల్‌లో స్థలం చూసి, "అమ్మాయ్, ఈశాన్యంలో అంత మానా?" అన్నారు. నాకు వాస్తు మీద నమ్మకం అంతంతమాత్రం. మావారికి వాళ్ల నాన్నగారి మీద నమ్మకం ఎక్కువ. సర్వే కాగితం వాట్సాప్‌లో విజయవాడలో వాళ్లకి తెలిసిన సిద్ధాంతిగారికి వెళ్లింది. ఆయన కొట్టించేయమంటారని గుండె రాయి చేసుకుని కూర్చున్నాను. ఆయన అడిగింది ఒక్కటే: "రెండో జాము, మూడో జాములో చెట్టు నీడ ఇంటి మీద పడుతుందా?" అంటే పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. ఈశాన్యంలో ఉన్న చెట్టు నీడ ఆ వేళల్లో చాలావరకు ఇంటికి అవతలే తిరుగుతుంది. "అయితే ఇంటిని నైరుతికి జరపండి, ఉత్తరం తూర్పు ఖాళీ బాగా వదలండి, మానుని అట్లాగే ఉంచుకోండి" అన్నారాయన.

అంతకు ముందే మా అర్బరిస్టు (చెట్ల నిపుణురాలు), ట్రక్కులో రెండు కుక్కలేసుకుని తిరిగే ఒక పెద్దావిడ, అదే దిక్కుకి బాణం గుర్తు వేసి పెట్టింది. ఇల్లు 22 అడుగులు నైరుతికి జరిగింది. టెక్సస్ ఎండలో ఇంటి మీద నీడ వద్దనుకోవడం ఏం శాస్త్రమో నాకైతే తెలియదు. పడమటి ఎండ పూర్తిగా గోడ మీదే పడుతోంది. చెట్టు దక్కింది, కరెంటు బిల్లు దక్కలేదు.

తర్వాతి గొడవ పునాది. మా నేల ఈశాన్యానికి పల్లం. ఇక్కడి పద్ధతి ఏమిటంటే బయటి మట్టి తెచ్చి పల్లం వైపు ఎత్తుచేసి, చదును చేసి, దాని మీద పునాదిగా కాంక్రీటు స్లాబ్ పోస్తారు. ఆ మట్టి దిబ్బ వాలు నేరుగా మా గుండ్రంలోకి దిగుతుంది. మట్టి తవ్వితే వేరు తెగుతుందని అందరికీ తెలుసు. పైన పోస్తే వేరుకి ఊపిరి ఆడదని ఎక్కువమందికి తెలియదు. ఆ వైపు పునాది అంచున గోడ కట్టి, మట్టిని ఇంటి కిందే ఆపేయొచ్చని ఇంజనీరు దారి చూపించాడు. 11 వేల డాలర్లు అదనం. వంటింటి గ్రానైటు స్థాయి తగ్గించి ఆ డబ్బు ఇటు పెట్టాం. గ్రానైటు గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు వినాల్సొస్తోంది.

కంచె అంటే నారింజరంగు ప్లాస్టిక్ వల కాదు. అది సాయంత్రానికి నేలకొరుగుతుంది, మర్నాటికి దాని మీద ఇటుకలుంటాయి. ఇనప స్తంభాలు పాతి, ఐదడుగుల చైన్‌లింక్ ఇనప వల వేయించాం, పనివాళ్లకి అర్థమయ్యేలా స్పానిష్‌లో బోర్డు పెట్టాం. లారీల దారి గుండ్రం అంచుని తాకక తప్పని చోట మందంగా చెక్కపొట్టు పరిచి, దాని మీద ప్లైవుడ్ పలకలు వేశారు.

అయినా జులైలో అసలు పరీక్ష వచ్చింది. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఎకరం స్థలం మొత్తానికి ఉన్న నీడ ఆ ఓక్ కిందే. మనుషులు తినేదీ అక్కడే, పికప్‌లు ఆపుకోవాలనుకునేదీ అక్కడే. వాళ్లని తప్పుపట్టడానికి నోరు రాదు. స్థలానికి పడమటి మూల టెంటు వేసి, పెద్ద ఐస్ పెట్టెలో నీళ్లు, నిమ్మరసం, పుచ్చకాయ ముక్కలు పెట్టించాం. మన ఊళ్లలో వేసవికి పెట్టే చలివేంద్రమే. రెండు రోజులు గడిచేసరికి ట్రక్కులన్నీ అటు మళ్లాయి. కాంక్రీటు లారీ పని ముగిశాక గొట్టం కడిగే నీళ్లకి కూడా ఆ మూలనే గొయ్యి తీయించాం. సున్నం కలిసిన ఆ నీళ్లు వేళ్ల మీదకి పోతే మంచిది కాదు.

సెప్టిక్ పైపు, నీళ్ల పైపు, కరెంటు తీగ. ఈ మూడింటి కందకాలూ కాగితం మీద ఎప్పుడూ తిన్నగా, దగ్గరి దారిన గీసి ఉంటాయి. సెప్టిక్ మొత్తం దక్షిణానికి మార్చాం. నీళ్ల పైపుకి వేరే దారి లేకపోతే కందకం మానేసి, వేళ్ల కిందుగా యంత్రంతో బోరు వేసి లాగారు. పైపు వేర్ల కింద నుంచి పోతే చెట్టుకి పట్టదు. కందకం తవ్వితే ఆ పక్క వేళ్లన్నీ ఒక్క రోజులో పోయినట్టే.

ఇక మా ప్రాంతంలో ఓక్ ఉన్నవాళ్లకి నిద్రపట్టనివ్వనిది ఓక్ విల్ట్. బూజుజాతి తెగులు. నీళ్లు పైకి తీసుకుపోయే నాళాలు మూసుకుపోయి చెట్టు ఎండిపోతుంది. రెడ్ ఓక్ అనే ఇంకో రకమైతే వారాల్లో పోతుంది, లైవ్ ఓక్ చాలావరకు కొన్ని నెలల్లో. రెండు దారుల్లో వస్తుంది. తెగులుతో చచ్చిన రెడ్ ఓక్ బెరడు కింద పెరిగే బూజుని చిన్న పురుగులు మోసుకొచ్చి, వేరే చెట్టుకున్న పచ్చి గాయం మీద వాలతాయి. రెండోది, పక్కపక్కన ఉన్న లైవ్ ఓక్‌ల వేళ్లు భూమిలో ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. ఒక చెట్టుకొస్తే వరసంతటికీ పాకుతుంది. అందుకే ఫిబ్రవరి 1 నుంచి జూన్ 30 దాకా ఓక్ కొమ్మ నరకొద్దని టెక్సస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ చెప్తుంది. ఏ నెలలో నరికినా, గాయానికి వెంటనే పెయింటు పూయాలి. వేరే చెట్లకి ఈ పెయింటు అక్కర్లేదంటారు, ఇక్కడి ఓక్‌కి మాత్రం తప్పదు.

మా కప్పు చెక్కపని మార్చిలో ఉంది. ఒక కొమ్మ కప్పుకి రాసుకునేలా ఉంది. మార్చిలో నరకడానికి లేదు, జులై దాకా ఆగడానికి లేదు. ఇంకా గోడలే లేవలేదు. కప్పు ఎత్తుకి గడ కట్టి నిలబెట్టి, తాడు లాగి, ఆ కొమ్మ ఎంతవరకు అడ్డమో చూసుకుని సంక్రాంతి వారంలోనే తీయించాం. అర్బరిస్టు పైనుంచి దిగకుండానే పెయింటు పూసింది. పచ్చి కొమ్మ, భోగి మంటకి కూడా పనికిరాలేదు.

చుట్టుపక్కల తెగులు కనిపిస్తే ముందుజాగ్రత్తగా కాండం మొదట్లో రంధ్రాలు చేసి, మందు సీసాలు అమర్చి ఎక్కిస్తారట. ఆవిడ ఆ ఫొటోలు చూపిస్తే నేను మా పిల్లలమర్రి ఫొటోలు తీసి చూపించాను. మహబూబ్‌నగర్‌లో వందల ఏళ్ల మర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాల్లో మందు పోసి కొమ్మకొమ్మకీ వేలాడదీశారు కదా, అవి. ఆవిడ ఫోను లాక్కుని చాలాసేపు చూసింది. బదులుగా ఆస్టిన్ నడిబొడ్డున ఉన్న ట్రీటీ ఓక్ కథ చెప్పింది. 1989లో ఎవడో దాని మొదట్లో కలుపుమందు పోశాడు. మట్టి తీసి మార్చారు, ఊట నీళ్లు చల్లారు, ఎండ తగలకుండా తెరలు కట్టారు. ఖర్చు ఎంతైనా సరేనని టెక్సస్ కోటీశ్వరుడు రాస్ పెరో చెక్కు ఖాళీగా ఇచ్చాడు. అంతా చేస్తే మూడో వంతు దక్కింది. పోసినవాడికి తొమ్మిదేళ్ల జైలు పడింది.

గృహప్రవేశం వైశాఖంలో, అంటే మే నెలలో. అది పురుగు తిరిగే కాలమే. తోరణం కట్టడానికి మా తెలుగు సంఘంలో ఒకాయన సుత్తి, మేకు పట్టుకుని చెట్టు దగ్గరికి నడుస్తుంటే, పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తాను. "అన్నయ్యగారూ, మేకొద్దు! తాడు కట్టండి!" వచ్చినవాళ్లు ఇప్పటికీ దాన్ని చెప్పుకుని నవ్వుతారు.

బిల్డరు వెళ్లిపోయి కంచె తీసేశాక వచ్చే తోటపని వాళ్లు ఇంకో ప్రమాదం. చెట్టు మొదలంటా సారవంతమైన మట్టి పోసి, లాను పరిచి, స్ప్రింక్లరు పైపుల కోసం అడుగడుగునా చిన్న కందకాలు తవ్వుతామంటారు. ఏడాది పాటు కాపాడిన వేళ్లు ఆ ఒక్క పూటలో తెగుతాయి. మా చెట్టు కింద లాను లేదు, రాలిన ఆకూ చెక్కపొట్టూ ఉన్నాయి, అదీ కాండానికి తగలకుండా. వానల్లేని వేసవిలో నీళ్లగొట్టం సన్నధారగా కొమ్మల కొసల కింద పెట్టి వదిలేస్తాను. మొదట్లో పోస్తే ప్రయోజనం తక్కువ.

ఈ ఏప్రిల్‌లో రోడ్డుకి అవతలి లాటు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లూ మనవాళ్లే, కడప వైపు వాళ్లు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్కడ నాలుగు చిన్న లైవ్ ఓక్‌లు నరికి, మొదళ్లు తెల్లగా వదిలేసి ఉన్నాయి. గరాజ్‌లోంచి పెయింటు డబ్బా తీసుకెళ్లి నాలుగిటికీ పూసొచ్చాను. ఆలస్యమైపోయిందని తెలుసు, అయినా పూశాను. సాయంత్రం ఆ లాటు కొన్నాయనకి ఫోన్ చేస్తే "అక్కా, మాకెవరూ చెప్పలేదు" అన్నాడు. మిగిలిన పెద్ద చెట్టుకి కంచె ఎంత దూరంలో వేయాలో, టెక్సస్ ఓక్ విల్ట్ క్వాలిఫైడ్ అని అర్హత ఉన్న అర్బరిస్టుని ఎలా వెతకాలో చెప్పాను. మర్నాడు మా చైన్‌లింక్ స్తంభాలు వచ్చి పట్టుకెళ్లాడు. రోడ్డు కింద మా వేళ్లూ వాళ్ల వేళ్లూ కలిసే ఉంటాయని అర్బరిస్టు అంటోంది. ఈనెలు పసుపుపచ్చగా మారి, తర్వాత గోధుమరంగుకి తిరిగిన ఆకు రాలితే ఫొటో తీసి పంపమంది. రోజూ ఆఫీసుకి వెళ్లేముందు రాలిన ఆకులు నాలుగు తిరగేసి చూసి కారెక్కుతున్నాను.