సగం దించిన షట్టరు, నా కోలైటిస్ సంగతి

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ పక్కనున్న ఊరు. చిన్న జెరాక్స్ షాపు నాది, ఒడియాలో అర్జీలు, తెలుగులో పెళ్లి కార్డులు రెండూ టైప్ చేసి పెడతాను. షాపుకి బాత్రూం లేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే నా జబ్బు, అదే పెద్దపేగు లోపల పుండు పడే కోలైటిస్, దాని కథ సగం బాత్రూం చుట్టూనే తిరిగింది.

2016 వానాకాలంలో మొదలయింది. దొడ్డికెళ్తే జిగట, కొంచెం నెత్తురు. మొలలే అన్నారు అందరూ, దగ్గర్లో చూపించుకుంటే ఆయన కూడా సరిగ్గా పరీక్ష చెయ్యకుండానే మొలలకి మందు రాసిచ్చారు. తగ్గలేదు. ఇంకొకాయన అమీబా అన్నారు, మెట్రోనిడజోల్ మూడు కోర్సులు మింగాను, నోరంతా రేకు నాకినట్టుండేది. అత్తయ్య దానిమ్మ తొక్క కషాయం కాచి పంపింది, అదీ తాగాను. ఇలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి, రోజుకి పది పన్నెండుసార్లు వెళ్లడం, 68 కిలోల మనిషిని 54కి వచ్చాను.

నొప్పి కంటే నన్ను చంపింది ఆ తొందర. వస్తోంది అనిపించిందంటే రెండు నిమిషాలు ఆగదు. కస్టమర్ కాగితం మెషిన్లో ఉండగానే షట్టరు సగం దించేసి బండెక్కి ఇంటికి పరిగెత్తేవాణ్ణి. రెండుసార్లు దార్లోనే అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఒకరోజు తనే అడిగింది, "ఏటండీ, ఈమధ్య మీ బట్టలు మీరే ఉతికేసుకుంటున్నారు?" అని. అప్పుడు కూర్చుని అంతా చెప్పాను. వారం తిరక్కుండా నన్ను వైజాగ్ బస్సెక్కించింది. బస్సులో బాత్రూం ఉండదు కదా, అందుకని ముందురోజు మధ్యాహ్నం నుంచే ఏమీ తినలేదు నేను, టెక్కలి, శ్రీకాకుళం స్టాండుల్లో బస్సు ఎంతసేపు ఆగుద్దో అదే లెక్క బుర్రలో.

కొలనోస్కోపీ అని, పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పెట్టి చూస్తారు. దానికి ముందు పేగు ఖాళీ అవడానికి లాడ్జిలో రెండు లీటర్ల నీళ్లలో పౌడరు కలుపుకుని తాగాలి. ఉప్పేసిన నిమ్మసోడాలో గ్యాసు పోతే ఎలాగుంటుందో అలాగుంది. పరీక్ష కంటే అదే కష్టం, నిజం చెప్పాలంటే. పేగు లోపల చిన్న ముక్క తీసి టెస్టుకి పంపారు, టీబీ కాదు, కేన్సర్ కాదు, అల్సరేటివ్ కోలైటిస్ అని తేలింది. డాక్టరుగారు కాగితం మీద పెద్దపేగుని గుమ్మంలాగ గీసి, కింద చివరి నుంచి ఎడమవైపు పైదాకా లోపలి పొర పుండు పడిందని చూపించారు. ఒంట్లో రోగాల మీద పోట్లాడాల్సిన బలగమే తిరగబడి సొంత పేగు మీద పడుతుందట. అంటువ్యాధి కాదు, కారం తిన్నందుకు వచ్చింది కాదు. (అమ్మ మాత్రం ఇప్పటికీ "ఏం తిన్నావురా అప్పుడు" అంటుంది.) "పూర్తిగా పోతుందా సార్" అంటే, "షుగరు, బీపీ ఎలాగో ఇదీ అంతే బాబూ, అణిచి ఉంచుదాం" అన్నారు.

పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుని పెట్టుకునే ఎనీమా (కిందనుంచి పేగులోకి ఎక్కించుకునే మందు), స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలెట్టి వారానికి 5 చొప్పున తగ్గించడం. పది రోజుల్లో నెత్తురు ఆగింది. స్టెరాయిడ్ వల్ల మొహం మాత్రం పూరీలా పొంగింది, రాత్రి రెండింటికి ఆకలి, నిద్ర లేదు. వీధిలో వాళ్లు "ఒళ్లు చేశావు, బాగున్నావ్" అన్నారు. ఏమంటాం!

బాగున్నాను కదా అని 2018లో మాత్రలు మానేశాను. ఇదే నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని, ఇంకొకటేమో 2019లో నడుంనొప్పికి నేనే కొనుక్కుని డైక్లోఫెనాక్ వారం రోజులు వేసుకున్నా, అలాంటి నొప్పిమాత్రలు ఈ జబ్బుని రేపగలవని అప్పటికి తెలీదు. ఏది ఎంత చేసిందో గానీ మళ్లీ మొదలైపోయింది. నెత్తురు పోయి హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది, సెలైన్లో ఐరన్ ఎక్కించారు. డాక్టరుగారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అప్పటినుంచి ఒక్కరోజు మానలేదు, 2020 లాక్‌డౌన్లో తప్ప. నా మందులు పాతపట్నం షాపులో ఉన్నాయి, బోర్డర్ మూసేశారు. ఏటి అవతల ఆంధ్రా ఊరు అది, అంత దగ్గరున్నా విదేశంలో ఉన్నట్టే అయింది. నాలుగు రోజులకి తెలిసినాయన ఒకరు తెచ్చి అందించారు.

తిండి విషయం అందరూ అడుగుతారు. ఏది పడుద్దో ఏది పడదో పాత బిల్లు బుక్కు వెనక రాసుకున్నాను. ఒంట్లో బాలేనప్పుడు పచ్చి ఉల్లిపాయ, గింజలు, తొక్కలు, పాలు బంద్, మెత్తటి అన్నం, పెసరకట్టు, అరటిపండు. బాగున్నప్పుడు దాదాపు అన్నీ తింటాను. ఎండాకాలం నీళ్లలో నానబెట్టి పులిసిన అన్నాన్ని మా ఇంట్లో తరవాణి అంటాం, పక్కింట్లో ఒడియాలో పొఖాళొ అంటారు, పేర్లే వేరు, రెండూ నాకు పడతాయి. చెరుకురసం పడదు, మిరపకాయ బజ్జీ పడదు, అయినా నెలకొకటి తింటాను. ఇంకొకరికి ఇదే లెక్క సరిపోదు, మా ఆవిడ తమ్ముడికి ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఉంది, వాడికి తరవాణి చూస్తేనే భయం, పైగా వాడిది వేరే జబ్బు, అందులో పుండు గానీ నెత్తురు గానీ ఉండదు.

జబ్బొచ్చి ఎనిమిదేళ్లు నిండితే కేన్సర్ ఏమైనా మొదలయిందేమో అని మళ్లీ కొలనోస్కోపీ చూడాలి, 2024లో చేయించుకున్నాను. ఏమీ లేదు. అదే నిమ్మసోడా.

ఇక బాత్రూం. పక్క మిఠాయి కొట్టు భాయ్‌కి వెనకాల ఒకటుంది. మూడేళ్లు పక్కపక్కనే ఉండి అడగలేకపోయాను. చివరికి 2019లో అడిగితే "పేటొ ఖొరాపా?" (కడుపు బాలేదా?) అన్నాడు ఒడియాలో, అవునన్నాను, తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు, అంతే. ఇప్పుడు నేను లేస్తే షట్టరు దించక్కర్లేదు, ఆయనే వచ్చి కౌంటర్లో కూచుంటాడు. రెండువైపులా జెరాక్స్ మూడు రూపాయలని ఎన్నిసార్లు చెప్పినా రెండే తీసుకుంటాడు.