అక్వేరియానికి ఏ సిలికాన్ కొనాలి?

అక్వేరియం కట్టడానికైనా, కారుతున్న పాత తొట్టెను బాగుచేయడానికైనా సిలికాన్ కొనేటప్పుడు, ట్యూబు మీది చేప బొమ్మ కంటే వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న వివరాలే ముఖ్యమని నా అభిప్రాయం. గాజును గాజుకు అతికించడానికి సాధారణంగా వాడేది అసిటాక్సీ రకం. ఇది గాలిలోని తేమతో కలిసి గట్టిపడుతూ అసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది కనుక వెనిగర్ వాసన వస్తుంది, ఆ వాసన పూర్తిగా పోయేవరకు చేపలను వదలకూడదు. స్నానాల గదులకు అమ్మే సిలికాన్‌లో బూజును అరికట్టే రసాయనాలు కలుపుతారు, అవి నీటిలోకి దిగితే చేపలకు హాని కలగవచ్చు. అందుకే యాంటీ ఫంగల్ అని రాసి ఉన్న ట్యూబును, ఎంత చవకగా దొరికినా, నేను ముట్టుకోను. అక్రిలిక్ తొట్టెలకైతే సిలికాన్ పట్టు బలహీనం, దాని జిగురు వేరు.

మరమ్మతులో అసలు చిక్కు పాత సిలికాన్‌తోనే వస్తుంది. గట్టిపడిన పాత పొరకు కొత్తది సరిగా అతుక్కోదు కాబట్టి, కారే చోట పైన పూత పూసి ఊరుకోకుండా, లోపలి అంచుల పొరను బ్లేడుతో పూర్తిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాజు ఆరాక కొత్తది వేయాలి. సాధారణంగా 24 గంటలకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందమే గట్టిపడుతుంది; పొడిగాలిలో ఇంకా ఆలస్యమవుతుంది. పెద్ద తొట్టెకు వారం ఆగడం మేలు. రంగు విషయం మీ ఇష్టం, కాకపోతే నల్లదానిలో నాచు అంతగా కనబడదు.